కొత్తవాళ్ల సుచరిత

సుచరిత యాకుత్‌పురాకు కాపురానికి వచ్చింది 1991లో. భర్త అమరనాథ్‌కు సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. యాకుత్‌పురా స్టేషన్‌కు నడిచిపోయేంత దగ్గర, అద్దె కూడా అందుబాటులో ఉందని రజాక్ గారింటి పై వాటా తీసుకున్నాడు. సుచరిత రేపల్లె దగ్గర పుట్టి పెరిగిన మనిషి. హైదరాబాదులో అందరూ తెలుగే మాట్లాడతారని అమరనాథ్ ఆమెకు ధైర్యం చెప్పి తీసుకొచ్చాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ తెలుగు తనకు తెలిసిన తెలుగు కాదని ఆమెకు వచ్చిన వారంలోనే, కూరగాయల బండి దగ్గర తెలిసింది.

"బంగాళాదుంపలు అరకిలో ఇవ్వండి" అంది.

బండి పెంటయ్యది. ఆయన తక్కెడ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగాడు. "ఏం దుంపలమ్మా?"

"బంగాళాదుంపలండీ."

"బంగారమా? బంగారం చార్‌కమాన్ల దొరుకుతదమ్మా. నా బండి మీద ఆలుగడ్డలే ఉన్నయ్."

బండి చుట్టూ ఉన్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పెంటయ్య చెడ్డవాడేమీ కాదు, పొద్దుటిపూట నలుగురినీ నవ్విస్తే బేరం బాగా సాగుతుందని అతని నమ్మకం. కానీ సుచరిత సంచి ముడుచుకుని, మెట్లెక్కి, తలుపేసుకుని ఏడ్చింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. తీస్తే రజాక్ గారి భార్య ఇక్బాలున్నీసా. కొంగులో ఆలుగడ్డలు.

"ఇవేనా నువ్వడిగినవి? మేం ఆలుగడ్డ అంటం. మీ పేరు గూడ మంచిగనే ఉంది. బంగాళ్‌ నుంచి వచ్చినయా ఏంది?"

ఏడుస్తున్నదల్లా సుచరిత నవ్వేసింది. బంగాళాదుంపకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెకూ తెలియదు. అసలు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. మరునాడు ఇక్బాలున్నీసా ఆమెను వెంటబెట్టుకుని బండి దగ్గరికి పోయింది. "ఈమె కొత్తగొచ్చింది పెంటయ్యా. నవ్వెటోళ్లు నవ్వుతరు, నువ్వు బేరం జేస్కునేటోనివి. పేరు రాకుంటే చేతితోని చూపిస్తది, నువ్వు జోకి ఇయ్యి. నాల్గు దినాలైతే నీకంటే మంచిగ మాట్లాడ్తది" అంది. నాలుగు రోజుల్లో కాదు గానీ, ఆ ఏడు తిరిగేసరికి సుచరిత సొరకాయను ఆనిగెపుకాయ అని అడిగేది. పెంటయ్య మాత్రం ఆమెను చూడగానే "రా అమ్మా, బంగారం తాజాగొచ్చింది" అని ఆలుగడ్డలు చూపించేవాడు. అప్పటికి అది వాళ్లిద్దరి మధ్యా ముద్దుమాట అయిపోయింది.

పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండలేక సుచరిత గౌలిపురాలో మొగులయ్య సారు నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు. తెలుగు టైపు నేర్చుకునేవాళ్లు తక్కువ, ఒత్తులూ గుణింతాలూ వేళ్లకు లొంగవు. సుచరితకు లొంగాయి. రెండు పరీక్షలూ పాసయ్యాక మొగులయ్య ఆమెను అక్కడే నేర్పేందుకు పెట్టుకున్నాడు.

మొగులయ్య సారుకు ఒక పట్టింపు ఉండేది. ఇన్‌స్టిట్యూట్‌లో అన్నిటికంటే మంచి మిషన్ కిటికీ పక్కన ఉండేది, కొత్తగా చేరినవాళ్లకు అదే ఇచ్చేవాడు. పరీక్షకు కూర్చోబోయేవాళ్లు మొత్తుకునేవారు. ఆయన వినేవాడు కాదు. సుచరిత కూడా ఒకసారి అడిగింది.

"కొత్తోనికి మంచి మిషన్ ఇయ్యాలమ్మా. అక్షరం పడని మిషన్ ఇస్తే, తప్పు వానిదా మిషన్‌దా వానికి ఎర్కైతదా? తనదే అనుకుంటడు. రేపు రాడు. పాతోనికి మిషన్ సంగతి ఎర్కే, వాడు ఎట్లన్న కొట్టుకుంటడు."

అట్లా తొంభైలు గడిచాయి. పిల్లలు కలగలేదు, దాని గురించి చుట్టాలు మాట్లాడినంతగా సుచరిత, అమరనాథ్ మాట్లాడుకోలేదు. రెండువేల సంవత్సరం నాటికి టైపు నేర్చుకునేవాళ్లు పల్చబడ్డారు. మొగులయ్య సారు మిషన్లు కొన్ని అమ్మేసి కంప్యూటర్లు తెచ్చాడు. సుచరిత పెళ్లి కార్డులు, షాపు బిల్లు పుస్తకాలు, స్కూలు సావనీర్లు కంపోజు చేసేది. ఇంటర్నెట్ కనెక్షను వచ్చాక, ఒకరోజు స్కూలు సావనీరు కోసం మూసీ నది గురించి నాలుగు వాక్యాలు కావలసి వచ్చి వెతికింది. తెలుగులో ఒక పేజీ దొరికింది. అది అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వమని, అందులో రాసేవాళ్లకు జీతాలు లేవని, ఎవరైనా రాయవచ్చని ఆమెకు అప్పుడు తెలియదు. ఆమెకు కనిపించింది ఒక్కటే: "జన్మస్తానం".

థ రావలసిన చోట త. ఒత్తులు దిద్ది దిద్ది అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. పేజీ పైన "మార్చు" అని ఉంది. నొక్కితే పేజీ అంతా రాసుకునే పెట్టెలో తెరుచుకుంది. ఎవరైనా చూస్తున్నారేమోనన్నట్టు సుచరిత చుట్టూ చూసింది. మొగులయ్య సారు కునుకు తీస్తున్నాడు. ఆమె ఆ ఒక్క అక్షరం దిద్ది భద్రపరచింది. పేజీ మళ్లీ తెరిస్తే "జన్మస్థానం" అని ఉంది. తాను దిద్దింది తమిళనాడులో ఉన్న తెలుగువాడికీ అలాగే కనబడుతుందని తోచి, ఆ పూటంతా ఆమెకు ఒక రకమైన సంబరం.

వారం తిరగకుండా గుడిమల్కాపూర్ మార్కెట్టు గురించి మూడు పేరాలు రాసింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి ఆమెకు మహా చిరాకనిపించింది, తెలుగు టైపు వచ్చిన మనిషికి అది వెనక్కి నడవడంలాంటిది. అయినా పట్టుబట్టి రాసింది. రాసి, కింద బుద్ధిగా "ఇట్లు, సుచరిత, యాకుత్‌పురా" అని కూడా పెట్టింది.

మరునాడు ఆమె పేరు మీద ఒక సందేశం వచ్చి ఉంది. రాసింది శ్రీరామమూర్తి అనే ఆయన. రిటైరైన లెక్చరరని, ఉండేది ఏలూరని తర్వాత తెలిసింది.

"సుచరిత గారూ, నమస్కారం. మీ మార్కెట్టు చదివాను. ఆకుకూరల మూటలు దించే చోట నేల ఎంత జారుతుందో రాశారే, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను. చివర మీ పేరు తీశాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ ఏ వ్యాసమూ ఒకరిది కాదు, అందుకని ఎవరమూ పేరు పెట్టుకోము. కానీ ఎవరేం రాశారో 'చరిత్ర' అనే చోట భద్రంగా ఉంటుంది, నొక్కి చూడండి, మీ పేరు కనబడుతుంది. ఇంకోటి రాస్తారా?"

సుచరిత నొక్కి చూసింది. పేరు కనబడింది. సందేశాన్ని మళ్లీ చదివింది. ఆమె తప్పు ఎత్తి చూపాడు, కానీ చూపినట్టే లేదు. "ఇంకోటి రాస్తారా?" అన్న మాట ఆమెను పట్టుకుంది. పెళ్లయి వచ్చాక ఆమెను ఇంకోటి వండుతారా అని అడిగినవాళ్లున్నారు గానీ, ఇంకోటి రాస్తారా అని అడిగినవాళ్లు లేరు.

రాసింది. రాస్తూ పోయింది. శ్రీరామమూర్తి గారితో ఫోను పరిచయం కూడా అయింది. ఒకరోజు ఆయన తన కళ్లలో శుక్లాలు ముదిరాయని, తెర చూడటం కష్టంగా ఉందని చెప్పి, "కొత్తగా వచ్చేవాళ్లను ఇకనుంచి మీరు పలకరించండమ్మా" అన్నాడు.

"నేనా? నాకంటే ఎంతో తెలిసినవాళ్లున్నారు కదండీ అక్కడ?"

"తెలిసినవాళ్లు దిద్దుతారు. పలకరించేవాళ్లే తక్కువ."

పలకరించడానికి అక్కడ తయారుగా ఒక స్వాగతం మూస ఉండేది. రంగు పెట్టెలో నియమాలన్నీ వరసగా ఉంటాయి, ఒక్క నొక్కుతో కొత్తవాళ్ల పేజీలో అతికించేయవచ్చు. సుచరిత అది అతికించేది, కానీ దాని పైన తన మాట ఒకటి రాసేది. అందుకోసం ముందు వాళ్లు రాసింది చదివేది. ఒకాయన తన ఊరి చెరువు గురించి రెండంటే రెండు వాక్యాలు రాస్తే, "ఆ తూము ఏ వైపు ఉందో కూడా రాయండి, తెలుసుకోవాలని ఉంది" అని రాసింది. ఆయన తూము గురించి, దాన్ని కట్టించినవాళ్ల గురించి, చివరికి చుట్టుపక్కల ఊళ్ల గురించి రాసుకుంటూ పోయి ఏడాదికల్లా అక్కడి పెద్దల్లో ఒకడయ్యాడు.

అన్నిసార్లూ అట్లా జరగలేదు. ఒకడు వచ్చి పేజీ పేజీలో తన అభిమాన హీరో పేరు నింపితే, సుచరిత "మీకు సినిమాలంటే ఇష్టమని తెలిసింది, సినిమాల వ్యాసాలు చాలా అసంపూర్తిగా ఉన్నాయి, సాయం చేస్తారా?" అని రాసింది. వాడు ఆమె పేజీలోనే బూతులు రాసిపోయాడు. ఆ బూతులు తుడిచి, వాడిని రాకుండా ఆపిన మనిషి కింద ఒక వాక్యం పెట్టాడు: "స్వాగతం బాగానే ఫలించినట్టుంది."

ఆ మనిషి పేరు ఫణి. నిర్వాహకుడు, అంటే పేజీలు తొలగించే అధికారం ఉన్నవాడు. అక్కడ అతనంటే అందరికీ కొంచెం భయం. మాటకు ముందు నియమం, మాటకు వెనక నియమం. అతని భాష చూసి సుచరిత ఒక పొడుగాటి, తెల్లజుట్టు మనిషిని ఊహించుకుంది, పడకకుర్చీలో కూర్చుని అందరినీ కళ్లద్దాల పైనుంచి చూసేవాడిని.

2007 ఎండాకాలంలో మరియం అనే అమ్మాయి, ఎండు ఆప్రికాట్ పండ్లతో చేసే హైదరాబాదీ మిఠాయి ఖుబానీ కా మీఠా గురించి ఒక వ్యాసం రాసింది. కార్వాన్‌లో ఉంటానని, టీచర్ ట్రైనింగ్ చేస్తున్నానని తన పేజీలో రాసుకుంది. వ్యాసం సుచరిత చూసేసరికే లేదు. తొలగించిన వ్యాసాల వరసలో దాని మొదటి వాక్యం మాత్రం మిగిలింది: "ఖుబానీలు ముందుగాల మంచిగ కడిగి నానవెట్టాలె." మరియం పేజీలో ఫణి సందేశం ఉంది.

"ఇది వంటల పుస్తకం కాదు. ముందు తెలుగు నేర్చుకుని, ఆ తర్వాత రాయండి."

సుచరిత ఆ రెండో వాక్యం చదివి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. మళ్లీ చదివితే ఇంకా కోపమొచ్చింది. ఫణికి జవాబు రాయబోయి, రాసి, చెరిపి, మళ్లీ రాసి చెరిపింది. పదిమంది చూసే చోట మనిషిని నిలదీస్తే అతను నియమాల వెనక్కి వెళ్లిపోతాడని ఆమెకు తెలుసు. చివరికి ఇంతే రాసింది: "ఫణి గారూ, వ్యాసం తీసేయడం గురించి కాదు. ఆ రెండో వాక్యం ఆ అమ్మాయి చదువుకుంటుంది కదా, దాని గురించి మాట్లాడాలి."

జవాబు వెంటనే వచ్చింది. "నేను రోజుకు వందల మార్పులు చూస్తాను. ఒక్కొక్కరికీ పూలదండ వేసే తీరిక నాకు లేదు."

సుచరిత మరియం పేజీకి వెళ్లింది. "మరియం గారూ, మీ వ్యాసం నేను చదవలేకపోయాను, చూసేలోపే పోయింది. నానవెట్టాలె అని మా ఇంటి యజమానురాలు ఇక్బాలున్నీసా గారు కూడా అంటారు. పదహారేళ్లుగా వింటున్నాను. అది తెలుగే. మీకు జరిగిన మర్యాద బాగాలేదు. మీరు మళ్లీ రాస్తే పక్కన కూర్చుని సాయం చేస్తాను."

జవాబు లేదు. మరునాడూ లేదు, ఆ తర్వాతా లేదు. పొద్దున ఇన్‌స్టిట్యూట్ తెరవగానే సుచరిత ముందు మరియం పేజీ చూసేది. అమరనాథ్ ఇది గమనించాడు. "ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం ఇంత బెంగేమిటి?" అన్నాడు.

"తెలియని పిల్లే. అందుకే. మనకి తెలిసినవాళ్లయితే ఇంటికెళ్లి బతిమాలుకోవచ్చు" అంది సుచరిత.

ఆ మాట అన్నాక ఆమెకే ఆలోచన వచ్చింది. మనుషులు ఇంటికి రావచ్చు కదా. విజ్ఞాన సర్వస్వంలో హైదరాబాదు వాళ్లందరికీ ఒక ప్రకటన పెట్టింది. ఆదివారం పొద్దున గౌలిపురా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కలుద్దాం, తెలుగు టైపు రానివాళ్లు, రాసి మనసు నొచ్చుకున్నవాళ్లు, ఊరికే చూసిపోదామనుకున్నవాళ్లు ఎవరైనా రావచ్చు, చాయ్ ఉంటుంది. అదే మాట మరియం పేజీలోనూ, కాస్త తటపటాయించి ఫణి పేజీలోనూ పెట్టింది.

మొగులయ్య సారు జాగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గానీ ఆయనకు ఒకటే చిక్కు. "ఎంతమంది వస్తరమ్మా?"

"తెలియదు సార్."

"ఎవరెవరు?"

"అదీ తెలియదు సార్."

"ఎవరొస్తరో తెల్వకుండ చాయ్ ఎంతమందికి చెప్పాలె మరి?" అని గొణుక్కుంటూ, చివరికి చాయ్ పని ఇక్బాలున్నీసాకు అప్పగించాడు. ఆమె రెండు ఫ్లాస్కులు, ఒక డబ్బా నిండా ఉస్మానియా బిస్కెట్లు సర్ది పంపింది.

ఆదివారం తలుపు తీసేసరికే మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, భుజాన మందుల కంపెనీ సంచి. తెలుగు టైపు నేర్చుకోవడానికి వచ్చాడని సుచరిత అనుకుంది. మంచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కొట్టి చూపించమంది. అతను రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"వేళ్లన్నీ వాడాలండీ. రెండు వేళ్లతో ఎంతకని రాస్తారు? చెయ్యి ఇట్లా పెట్టండి. ఇంతకుముందు ఎప్పుడైనా తెలుగులో రాశారా?"

"కొంచెం రాశానండీ" అన్నాడతను వినబడీ వినబడనట్టు.

"పేరేంటండీ?"

"ఫణి."

సుచరిత చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది. ఆ రెండు వేళ్లతోనా ఈయన రోజుకు వందల పేజీలు దిద్దేది! కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. "చాయ్ తాగుతారా?" అంది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నాలుగు కుర్చీలు నిండాక, అన్న హమ్మాద్ స్కూటర్ మీద మరియం వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నేను రాసుడు బంద్ జేసిన మేడం. మిమ్మల్ని చూసిపోదామని వచ్చిన, అంతే. నా పేజీల మంచిగ రాసింది మీరొక్కరే."

ఫణి కుర్చీలోంచి లేచాడు. "నేను... తెలుగు నేర్చుకోమని రాసింది నేనండీ. ఫణి."

మరియం అతన్ని పైకీ కిందికీ చూసింది. "మీరా? ముసలాయన అనుకున్న నేను." హమ్మాద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ మరియం నవ్వలేదు. "ఒకటడుగుత సార్. తెలుగు నేర్చుకొని రమ్మన్నరు. నేను బీఏ తెలుగు మీడియంల చదివిన. మా నాయినమ్మది మహబూబ్‌నగర్ దిక్కు, ఇంట్ల ఆమెతోని తెలుగే మాట్లాడ్తం. ఇంకేడ నేర్చుకోవాలె?"

సుచరితకు మాట అడ్డం వేయాలనిపించింది, ఆపుకుంది. ఫణి చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు నాదేనండీ. ఆ మాట అనకూడదు" అన్నాడు. "సంజాయిషీ చెప్పుకోవడం కాదు గానీ... రోజంతా మందుల కంపెనీ పని మీద డాక్టర్ల చుట్టూ తిరిగి ఇంటికొస్తానా, తెరవగానే బూతులు. మనుషుల పేర్లు పెట్టి, ఆడవాళ్ల పేర్లు పెట్టి. అవి తుడవడంతోనే పొద్దు పోతుంది. వరసగా బూతులు చదివి చదివి, మధ్యలో ఒక మంచి వ్యాసం వచ్చినా అదీ అలాగే కనబడుతుంది. చూడటం పాడైపోయింది నాకు."

మరియం మొహం కొంచెం మారింది. "గవన్నీ మీరొక్కరే తుడుస్తరా?"

"ఇద్దరం ముగ్గురం ఉన్నాం."

"అయ్యో" అంది మరియం. మన్నించానని ఆమె అనలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. "సరే, నా వ్యాసంల తప్పేందో చెప్పున్రి ఇప్పుడు."

ఫణి చెప్పాడు. ఎలా వండాలో చెప్పేది వంటల పుస్తకమని, ఇక్కడ ఆ వంటకం ఏమిటి, ఖుబానీలు ఎక్కడివి, ఏ విందుల్లో వడ్డిస్తారు, దాని గురించి ఎవరు ఎక్కడ రాశారు, ఇవి కావాలని. నియమం సంఖ్య చెప్పబోయి ఆగాడు. భాష ఏ జిల్లావాళ్లకైనా తెలిసేట్టు ఉండాలన్నాడు.

"గట్ల చెప్పుంటే ఆ దినమే తిరగ రాస్తుంటి గద సార్" అంది మరియం. "పుస్తకం భాష రాదనుకున్నరా? మస్తు వస్తది. ఇంట్ల వంట గద, ఇంట్ల మాటల రాస్తే మంచిగుంటదనుకున్న."

సుచరిత కుర్చీ జరిపి మరియం పక్కన కూర్చుంది. మరియం చెబుతుంటే ఆమె కొట్టింది, ఫణి మధ్యమధ్య "దీనికి ఆధారం ఉందా?" అని అడిగాడు, ఉన్నప్పుడు మరియం చెప్పింది, లేనప్పుడు ఆ వాక్యం పక్కన పెట్టారు. పెళ్లివిందుల పేరా దగ్గరికి వచ్చేసరికి మొగులయ్య సారు లేచాడు. "ఇంతసేపు ఇంటే నోట్లె నీళ్లూరుతున్నయ్. చదువుడేనా, తినేదేమన్న ఉందా?" హమ్మాద్ స్కూటర్ తీసి పోయి ఒక పెద్ద డబ్బా తెచ్చాడు. ఫణి అంతకుముందు ఖుబానీ కా మీఠా ఎన్నడూ తినలేదట. తాను తొలగించింది ఏమిటో అతను ఆ రోజే రుచి చూశాడు. రెండోసారి పెట్టించుకున్నాడు కూడా.

ఆ తర్వాత రెండేళ్లు గౌలిపురా ఆదివారాలు సాగాయి. మరియం టీచరయింది, తన బడి పిల్లల చేత వాళ్ల వాళ్ల బస్తీల గురించి రాయించింది. ఫణి వేళ్లన్నీ వాడటం నేర్చుకున్నాడు గానీ తొందరలో ఉంటే ఇప్పటికీ రెండు వేళ్లే. ఏలూరు నుంచి శ్రీరామమూర్తి గారు ఫోను చేసి ఎవరెవరు కొత్తగా వచ్చారో చదివించుకుని వినేవాడు.

ఈ మధ్యలో సుచరితకు ఒక ముల్లు మిగిలిపోయింది. దుర్గయ్య అని ఒకాయన బతుకమ్మ పూల గురించి చక్కగా రాయడం మొదలుపెట్టాడు. ఆయన పేరాను ఎవరో ఒక మాటా చెప్పకుండా ముక్కలు చేసి వేరే వ్యాసాల్లో కలిపేశారు. నియమం ప్రకారం అది తప్పు కాదు. ఆ వారం సుచరిత జ్వరంతో మంచంలో ఉంది. లేచి చూసేసరికి ఆయన "నాది పనికిరానట్టుంది" అని ఒక్క మాట రాసి వెళ్లిపోయాడు. ఆమె ఎన్నిసార్లు పలకరించినా తిరిగి రాలేదు. ఎవరైనా ఆమె ముందు, వచ్చేవాళ్లు వస్తారు పోయేవాళ్లు పోతారు అంటే, ఆమె ఒప్పుకునేది కాదు. ఎవరు పోయారో ఆమెకు పేరుతో సహా గుర్తు.

2009లో ఇన్‌స్టిట్యూట్ ఉన్న బిల్డింగును కూలగొట్టి కాంప్లెక్సు కట్టాలని ఓనరు నిర్ణయించాడు. మొగులయ్య సారుకు వయసు మీదపడింది, మళ్లీ ఎక్కడో పెట్టే ఓపిక లేదు. కంప్యూటర్లు ఎవరికో ఇచ్చేశాడు. సుచరితకు అమరనాథ్ ఇంట్లోనే ఒక కంప్యూటర్ కొని పెట్టాడు. కనెక్షను వచ్చిన సాయంత్రం ఉత్సాహంగా కూర్చుంటే, విజ్ఞాన సర్వస్వం ఆమెను లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు ఆ పాత కంప్యూటర్‌కే గుర్తు, సుచరితకు గుర్తు లేదు. కొత్తది పంపిస్తామన్న ఈమెయిలు ఇన్‌స్టిట్యూట్‌ది, అది మూతపడింది.

"రేపు ఫణికి ఫోను చేసి చెబుతాను" అనుకుని, ఊరుకోలేక వేరే పేరుతో ఖాతా తెరిచింది. కిటికీలోంచి రైలు కూత వినబడుతుంటే యాకుత్‌పురా స్టేషను గురించి రెండు పేరాలు రాసింది. తనకు తెలిసిందే రాసింది, ఆధారాలేమీ పెట్టలేదు.

పొద్దున కాఫీ కలిపి వచ్చి చూస్తే కొత్త ఖాతా పేజీలో ఒక సందేశం.

"నమస్కారమండీ. మీ యాకుత్‌పురా స్టేషను చదివాను. పొద్దుటి బండికి పరిగెత్తేవాళ్లు గేటు చుట్టూ తిరగకుండా ఏ సందులోంచి వస్తారో రాసింది బాగుంది, కానీ దానికి ఆధారం కావాలి. ప్రస్తుతానికి ఆ వాక్యం తీయలేదు, పక్కన గుర్తు పెట్టాను. ఆధారం దొరికితే చేర్చండి, దొరక్కపోతే చెప్పండి, కలిసి వెతుకుదాం. తొందర లేదు. ఇంకా రాయండి. — ఫణి"

సుచరిత "ఏమండీ" అని అమరనాథ్‌ను కేకేసి పిలిచి చదివి వినిపించింది. "తొందర లేదట! ఫణి, తొందర లేదంటున్నాడు!" తాను ఫలానా అని చెప్పేయాలనుకుంది. చెప్పబుద్ధి కాలేదు. "ధన్యవాదాలండీ. కొత్తదాన్ని, ఎవరైనా కసురుకుంటారేమోనని భయపడ్డాను. మీరు చాలా మర్యాదగా చెప్పారు" అని రాసి, కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది.

కాసేపటికి జవాబు వచ్చింది. "నాకు మొదట్లో ఇలా చెప్పడం వచ్చేది కాదండీ. ఒకావిడ నేర్పారు. వారూ మీ యాకుత్‌పురాలోనే ఉంటారు. కొన్నాళ్లుగా కనబడటం లేదు, ఒంట్లో బాగుందో లేదో. వచ్చాక మీకు తప్పకుండా పరిచయం చేస్తాను."

సుచరిత చదివి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఫోను తీసి అతని నంబరు కలిపింది.

"ఫణి గారూ, పరిచయం అక్కర్లేదు. ఆవిడా ఈవిడా నేనే. బాగానే ఉన్నాను."

ఫణి "చాలా సంతోషం మేడం" అన్నాడు. ఆ వెంటనే, బతిమాలుతున్నట్టు, "ఆ సందు వాక్యానికి ఆధారం మాత్రం పెట్టాల్సిందేనండీ" అన్నాడు.